మేం పోయిన విచారణ

మొన్న ఆదివారం పూజ అయిపోయాక మా చిన్న ఫాదరుగారు మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. సిస్టర్ ఆగ్నెసమ్మ కేరళలో తన మఠంలో కన్నుమూసిందని అంతకు రెండు రోజుల ముందే సెల్లులో కబురు వచ్చింది. మా గుడివాళ్లందరికీ కలిపి సెల్లులో ఒక గ్రూపు పెట్టారు, దాని పేరు 'మన విచారణ'. మనవరాలు ఆ కబురు చదివి వినిపించినప్పుడు నేను చింతపండు పిసుకుతున్నాను. చేతులు అట్లాగే గిన్నెలో ఉండిపోయాయి. "తెరేజమ్మా, ఆమెను ఎరిగినవాళ్లలో మీరొక్కరే మిగిలారు, రెండు మాటలు చెప్పండి" అని ఫాదరు అడిగితే లేచి నిలబడ్డాను. ఆ తల్లి మా వాడలో ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లలకు మందు పోసిన సంగతి, వానలో చెప్పులు చేతబట్టుకుని బురదలో నడిచి వచ్చిన సంగతి చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చి కంచం పక్కకు జరిపాను. చెప్పవలసిన సంగతి ఒకటుంటే దాన్ని దాచి, చెప్పడానికి తీపిగా ఉన్నవి ఏరి చెప్పి వచ్చాను. అందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ముందుగా ఒక మాట విడమర్చాలి. లోకానికి విచారణ అంటే పోలీసులో ఆఫీసర్లో కూర్చుని అడిగేది. మా కతోలికులకు అట్లా కాదు. ఒక ఫాదరు చేతికింద ఉన్న ఊళ్లన్నిటినీ కలిపి విచారణ అంటాం, ఆయన ఉండే పెద్ద గుడినీ విచారణే అంటాం. "విచారణకు పోతున్నం" అంటే పెద్ద గుడికి పోతున్నాం అని. నాకు పాలు మరిచిన నాటి నుంచీ ఆ మాటకు అదొక్కటే అర్థం. ఆ మాట వింటే సాంబ్రాణి వాసన, పండుగ నాటి కొత్త గౌను, కొబ్బరి ముక్క, ఇవే గుర్తుకొచ్చేవి.

మాది బోథ్ అవతల ఒక చిన్న ఊరు. ఊరి చివర మా వాడ, వాడ చివర రేకుల గుడి. మా బాపు ఆ గుడికి ఉపదేశి. ఫాదరు నెలకొక్కసారి వచ్చి పూజ చేసి పోతాడు. తక్కిన దినాలన్నీ ప్రార్థన చెప్పించడం, పిల్లలకు జపాలు నేర్పడం, చచ్చినవాళ్లకు గుంత తీయించి మన్ను వేయించడం ఉపదేశి పని. బాపు చాలా మెల్లగా నడిచే మనిషి. మాట కూడా మెల్లగానే. పొద్దున లేవగానే గుడి ముందు వేలాడగట్టిన రైలు పట్టా ముక్క మీద ఇనుప గూటంతో మూడు దెబ్బలు కొట్టేవాడు, మూడో దెబ్బ ఎప్పుడూ మెత్తగా. ఎందుకు బాపూ అంటే "పోరగాండ్లు ఉలిక్కి పడ్తరు బిడ్డా" అనేవాడు. మొదటి రెండు దెబ్బలకే ఊరంతా ఉలిక్కిపడి లేచిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అవ్వ, అంటే మా అమ్మ, పత్తి మిల్లులో పని చేసేది. మా దగ్గర దాన్ని జిన్ను అంటారు, పత్తిలోంచి గింజ విడదీసే మిషన్లుంటాయి. పత్తి ఏరడం మొదలైన నాటి నుంచి ఎండలు ముదిరేదాకా మిల్లు నడిచేది. అవ్వ సాయంత్రం ఇంటికి వస్తే తలా కనుబొమ్మలూ తెల్లగా దూదితో నిండి, పొద్దున పోయిన మనిషి పొద్దు గూకేసరికి ముసలిదై తిరిగి వచ్చినట్టు ఉండేది. గడపలో కూర్చోబెట్టి వెంట్రుకల్లోంచి దూది ఏరడం నా పని. అవ్వ కొంగులో పత్తిగింజ నూనె వాసన, మిషను తోలు వేడెక్కిన వాసన కలిసి ఉండేది. జొన్నరొట్టె కాలే వాసన దాని మీదికి వచ్చేదాకా అది పోయేది కాదు. రొట్టెలయ్యాక జపమాల. అవ్వ పూసలు తిప్పుతూ తిప్పుతూ కునుకు తీసేది. బాపు జపం ఆపకుండానే కాలితో ఆమె కాలిని తట్టేవాడు. "నిద్ర పోలే" అనేది అవ్వ కళ్లు తెరవకుండా, "మరియతల్లి తోని జర సొంత ముచ్చట మాట్లాడుతున్న." ఆమె జపమాల పూసల మధ్య ఎప్పుడూ దూది పోగులు చిక్కుకుని ఉండేవి.

మూడో తరగతి అయ్యాక నన్ను కూడా మిల్లుకు తీసుకుపోయింది. గంపతో పత్తి మోసుకొచ్చి మిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్ల పక్కన పోయడం నా పని. అవ్వ పక్క మిషను మీద పోశవ్వ ఉండేది. పోశవ్వ మా గుడిది కాదు, మా వాడదీ కాదు. ఆవలి వాడలో తమ్ముడి ఇంట్లో ఉండేది, మొగుడు పెండ్లయిన రెండో ఏడే పోయాడు. మిల్లులో అందరికంటే వడి ఆమె కుడిచేయి. పిడికెడు పత్తి తీసి, విదిలించి, మిషనుకు అందించడం కంటికి ఆనేది కాదు. నోరు దానికంటే వడి. నన్ను చూస్తే చాలు, "ఏమే గుడి పిల్లా, మీ దేవునికి ఆదివారం సెలవట గద. మా పోచమ్మను సూడు, వారమంత డ్యూటీనే. ఒక్క కోడికి" అనేది. అవ్వ నవ్వి, "కోడి తినేది నువ్వా పోచమ్మనా?" అనేది. "ఇద్దరం సగం సగం" అనేది పోశవ్వ. ఆ మోతలో మాటలు వినబడాలంటే గొంతు చించుకుని అరవాలి. అందుకని మిల్లు ఆడవాళ్లు ఇంటికి వచ్చాక కూడా అరిచే మాట్లాడేవాళ్లు. బాపు ఒక్కడే మెల్లగా మాట్లాడేవాడు, ఆయన మాట అవ్వకు సగం వినబడేది కాదు.

ఆ దినం మధ్యాహ్నం దాటింది. బయట లారీ నిలబడి ఉంది. పోశవ్వ మిషనులో గింజ ఇరికి తోలు కమురు వాసన కొట్టింది. ఆమె లేచి, "మేస్త్రీ, జర మిషిను ఆపు, గింజ ఇరికింది" అని అరిచింది. మేస్త్రీ పలకలేదు. రెండోసారి అరిచింది. అతడు లారీ దిక్కు చూస్తూ, అందరికీ వినబడేటట్టు, "ఆపుతె లారీ నీ అయ్య నింపుతడా? చెయ్యి పెట్టి తియ్యి" అన్నాడు. ఆమె చెయ్యి పెట్టింది. తరువాతిది రాయను. అవ్వ పరుగెత్తి, మిషను తిప్పే తోలుపట్టాను జార్చే కర్ర లాగితే మిషను ఆగింది. నా నెత్తి మీద గంప ఉంది, నేను దాన్ని దించకుండా అట్లాగే నిలబడి ఉన్నానని తరువాత ఎవరో చెప్పారు. ఆ మాట విన్నది మేం నలుగురం. అవ్వ, నేను, మా వాడవాళ్లే మరి ఇద్దరు ఆడవాళ్లు. నలుగురమూ రేకుల గుడివాళ్లమే.

సిస్టర్ ఆగ్నెసమ్మ అప్పటికి మా దిక్కు వచ్చి రెండేళ్లయింది. మఠం పెద్ద గుడి దగ్గర, తిరుగుడు మా ఊళ్ల వెంట. ఆమె తెలుగు నేర్చుకున్నది జపాల పుస్తకంలోంచి. అందుకని ఆమె నోరు తెరిస్తే బైబిలు చదివినట్టుండేది. "అమ్మా, మీరు గంజి త్రాగితిరా?" అంటే పిల్లలం చాటుకు పోయి నవ్వేవాళ్లం. పోశవ్వను జీపులో ఆదిలాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయింది ఆమే. మణికట్టు పైదాకా తీసేశారు. వారం తిరక్కముందే మిల్లులో మాట పుట్టింది: పోశవ్వ ముచ్చట్లు పెడుతూ తనంతట తనే చెయ్యి పెట్టింది, మేస్త్రీ వద్దన్నా వినలేదు, మిల్లుకు ఆ తప్పుతో సంబంధం లేదు. పోశవ్వకు చెయ్యి పోయిన బాధ కంటే ఈ మాట బాధ ఎక్కువైంది. మంచంలో పడుకుని అవ్వను చూసి, "మరియమ్మా, చెయ్యి పోతె పోనీ. నేను తెలివి తక్కువదాన్ని అని ఊరంత అంటున్నరు. గంత సోయి లేనిదాన్నా? వాడు అన్న మాట నువ్వు ఇనలేదా?" అంది. "ఇన్న" అంది అవ్వ. "మరి ఆఫీసరు ముంగట జెప్తవా?" "జెప్త" అంది.

ఆ రాత్రి అన్నాలప్పుడు బాపు రొట్టె తుంచి తుంచి కంచంలోనే ఉంచాడు. "గుడి మీది రేకులు మిల్లు సేటు ఇచ్చినయే గదనే" అన్నాడు మెల్లగా. అవ్వ, "ఆఁ?" అంది. బాపు మళ్లీ చెప్పాడు. "రేకులు సేటువి. నోరు నాది" అంది అవ్వ. బాపు రొట్టె తిన్నాడు.

సిస్టరమ్మ లేబర్ ఆఫీసుకు పోశవ్వ పేరు మీద అర్జీ రాసి ఇచ్చింది. ఆదివారం ప్రార్థనయ్యాక మా నలుగురినీ గుడి అరుగు మీద కూర్చోబెట్టింది. మిగతా ఇద్దరికీ పని పోతుందని భయం. ఆమె అంది: "వేదసాక్షులను గూర్చి మీరు వినియున్నారు. వారు సత్యము కొరకు ప్రాణములిచ్చిరి. మీరు ప్రాణములు ఇయ్యనక్కరలేదు. ఒక్క మాట చెప్పిన చాలును. మీరు మిల్లుసాక్షులు." మిల్లుసాక్షులు అనే మాటకు అవ్వ పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు తక్కిన ఇద్దరి భయమూ కొంత కరిగింది. లేచి పోతూ సిస్టరమ్మ, "విచారణ నుండి కబురు వచ్చును. పిలిచిన దినమున అందరును తప్పక రావలెను" అంది. వస్తాం సిస్టరమ్మా అన్నాం. ఆమె ఏ విచారణ అన్నదో, మేం ఏ విచారణ విన్నామో, ఆ క్షణాన ఎవరికీ అనుమానం రాలేదు.

మా ఊళ్లో అంగడి సోమవారం. ఆ దినం మిల్లు బందు. ఆడవాళ్లు తలలు పోసుకుని ఎండలో కూర్చునేవాళ్లు. అటువంటి సోమవారం ఒకనాడు ఖాకీ అంగీ తొడుక్కున్న బంట్రోతు సైకిలు మీద వచ్చాడు. మూడు పేర్లు పిలిచి, మూడు వేలిముద్రలు తీసుకుని, ఒక కాగితం అవ్వ చేతిలో పెట్టాడు. నా పేరు లేదు, నేను చిన్నదాన్నని రాయలేదట. "ఏం రాసిండ్రు సార్?" అని అవ్వ అడిగితే అతడు అప్పటికే సైకిలు తిప్పాడు. "విచారణకు రమ్మన్నరు. ఎల్లుండి బుధవారం, పది గంటలకు. అన్ని అండ్లనే ఉన్నయి, సదివిచ్చుకోండ్రి" అని పోయాడు. చదవడానికి బాపు లేడు. ఎల్లుండి విభూది బుధవారం, నలభై దినాల ఒక్కపొద్దుల తపస్సుకాలానికి మొదటి దినం. నొసట పెట్టే విభూది కోసం ఏడాది కిందటి మట్టల ఆదివారపు ఎండు మట్టలు కాల్చాలని ముందునాడే పెద్ద గుడికి పోయాడు.

"తెరేజ సదువుతది" అంది అవ్వ. తలారబెట్టుకుంటున్న ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. నేను పదమూడు పద్నాలుగేళ్లదాన్ని, అంతమంది నా నోటి దిక్కు చూడటం అదే మొదలు. కాగితం మీద కొంత అచ్చు, కొంత చేతిరాత. అచ్చు నేను చదవగలను. నడుమ పెద్ద అక్షరాలతో ఉన్నదాన్ని, బడిలో పద్యం చదివినట్టు, "వి-చా-రణ" అని లాగి చదివాను. "హా-జరు కావలెను" అని చదివాను. ఆడవాళ్లు "అబ్బా పోరి!" అన్నారు. ఒకామె నా గదువ పట్టుకుంది. కింద ఖాళీల్లో ఎవరో వడివడిగా నింపిన గొలుసు రాత ఉంది, అక్షరానికి అక్షరం ముడిపడి, కాలికి గజ్జె చుట్టుకున్నట్టు. అది నాకు రాదు. "కింద ఏమున్నదే?" అని అవ్వ అడిగింది. రాదని చెప్పడానికి సిగ్గేసింది. "కింద మీ పేర్లు" అన్నాను.

అంతే. ఆ ఒక్క మాట. విచారణ నుంచి కబురు వస్తుందని సిస్టరమ్మ చెప్పనే చెప్పింది, వచ్చింది. ఎల్లుండి విభూది బుధవారం, పది గంటలకే పూజ. ఇంత చక్కగా కుదిరాక ఎవరికి అనుమానం వస్తుంది? "పూజ గూడ సూసినట్టైతది, ఆఫీసరు ముంగట మాట గూడ జెప్పినట్టైతది" అంది అవ్వ. ఆఫీసరు పెద్ద గుడికే వస్తాడని అనుకున్నాం. పోశవ్వను కూడా తీసుకుపోదామా అని ఒకామె అంటే, "ఆమెకు యేరే కాయిదం వచ్చే ఉంటది, సిస్టరమ్మ జీపుల తీస్కపోతది" అనుకున్నాం.

బుధవారం పని ఎగ్గొట్టి మొదటి బస్సెక్కాం. ఒక్కపొద్దు కనుక నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. బస్సులో అవ్వ చెప్పవలసిన మాటను పెదవులతో అనుకుంటూ వచ్చింది. 'చెయ్యి పెట్టి తియ్యి అన్నడు సార్, మేం ఇన్నం సార్.' పెద్ద గుడిలో జనం కిక్కిరిసి ఉన్నారు. బాపు తెల్ల అంగీలో ఫాదరు పక్కన విభూది పళ్లెం పట్టుకుని నిలబడి, మమ్మల్ని చూసి తల కొంచెం ఊపాడు. సిస్టరమ్మ ఆడవాళ్ల వరసలోంచి చూసి సంతోషంగా నవ్వింది. మేం మోకాళ్లూని నొసట విభూది పెట్టించుకున్నాం. మన్నువు, మన్నులో కలిసిపోతావు అని ఫాదరు ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. నేను పక్కకు తప్పుకుని, పోశవ్వకు న్యాయం జరగాలి దేవా అని వేడుకున్నాను. నిజంగా కళ్లు మూసుకుని, గట్టిగా వేడుకున్నాను. అదే గడియలో పద్దెనిమిది మైళ్ల అవతల మిల్లు ఆఫీసు గదిలో ఆఫీసరు కుర్చీ లాక్కుని కూర్చుని ఉన్నాడు.

పూజయ్యాక వరండాలో సిస్టరమ్మ ఎదురొచ్చి, "పని మాని అందరును వచ్చితిరి, ఎంత భక్తి!" అంది. "మీరే పిలిస్తిరి గద" అంది అవ్వ. "ఆఫీసరు ఏడున్నడు?" సిస్టరమ్మకు అర్థం కాలేదు. అవ్వ రొండిలోంచి కాగితం తీసింది. అర్జీ పోశవ్వ పేరు మీద కనుక సిస్టరమ్మకు ఏ కాగితమూ రాలేదు; ఇది చదివింది, మళ్లీ చదివింది. బాపును పిలిచింది. బాపు కింది రాత దగ్గర వేలు పెట్టి, అందరికీ వినబడేటట్టు చదివాడు. ఆయన గట్టిగా మాట్లాడటం నేను విన్నది అప్పుడే. "మిల్లు ఆవరణలో జరుగును." తరువాత నా దిక్కు చూశాడు. తిట్టినా బాగుండేది.

జీపును పెద్ద ఫాదరు ఇంకో ఊరికి తీసుకుపోయాడు. మళ్లీ బస్సు రెండు గంటలకు. సిస్టరమ్మ మాతోనే ఎక్కింది. మిల్లు గేటు ముందు దిగేసరికి నీడలు పొడుగయ్యాయి. గేటు దగ్గరి కాపలాదారు మా నొసళ్ల మీది విభూది చూసి, "పండుగ ఐందా?" అన్నాడు. "ఆఫీసరు ఒంటిగంటకే పోయిండు. సాక్షులు ఎవలున్నరని మూడు మాట్ల పిలిచిండు. పోశవ్వ 'వస్తరు సార్, మరియమ్మ వస్తా అన్నది, జర ఆగుండ్రి' అన్కుంట గా మెట్ల మీద కూసున్నది. బస్సు సప్పుడైనప్పుడల్ల లేశి సూసింది. ఆఫీసరు పోయినంక గూడ కూసున్నది. ఇప్పుడే తమ్ముడొచ్చి తోల్కపోయిండు."

పోశవ్వ ఇంటి తలుపు లోపలి నుంచి వేసి ఉంది. తమ్ముడు గడపకు అడ్డంగా నిలబడ్డాడు. అవ్వ చేతులు జోడించి, "తమ్మీ, విచారణ అంటె మేం విచారణకు పోయినమయ్యా" అంది. ఆ మాట అతడికి ఎట్లా అర్థమవుతుంది? మాకు తప్ప ఎవరికి అర్థమవుతుంది? "విచారణ ఈడైతె మీరు యాడికి వోయిండ్రు?" అన్నాడు. "గుడికి" అంది అవ్వ. అతడు మా నొసళ్లు ఒక్కొక్కటే చూశాడు. "మంచి పని జేసిండ్రు. సేటు ఏం పెట్టిండు మీకు? గుడి మీదికి రేకులు సాలలేదా?" లోపల పోశవ్వ ఉన్నదని మాకు తెలుసు, దగ్గు వినబడింది. ఆమె మాత్రం ఒక్క మాట అనలేదు. అంత నోరున్న మనిషి. మూడో నాడు అక్కా తమ్ముడు పెన్‌గంగ దాటి మరాఠీ దేశానికి పోయారని తెలిసింది.

'సాక్షులు హాజరు కాలేదు' అని రాసి ఆఫీసరు కాగితం మూసేశాడు. సిస్టరమ్మ ఆదిలాబాద్‌కు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. మూసింది మళ్లీ తెరవడం కుదరదన్నారు. శుక్రవారాలు గుడిలో చేసే సిలువ మార్గాన్ని ఆ తపస్సుకాలం ఆమె వీధిలోకి తెచ్చింది. పద్నాలుగు చోట్ల ఆగుతూ, పాడుతూ, వాడ నుంచి మిల్లు దాకా నడిచాం. మూసిన గేటు ముందు అవ్వ నిలబడి, మిల్లు గొంతుతో, ఆఫీసరుకు చెప్పవలసిన మాటంతా గేటుకు చెప్పింది. మరునాడే మా అందరినీ పనిలోంచి తీసేశారు. వారం లోపల సేటు మనుషులు వచ్చి గుడి మీది రేకులు విప్పుకుపోయారు. ఆ ఏడు పాస్కా పండుగ, అదే ఈస్టరు, ఎండలోనే చేసుకున్నాం. మరుసటి పత్తికి మాత్రం ప్రతి మిషనుకూ ఇనుప జాలీ వచ్చిందని విన్నాం. "జాలీ ఐతె వచ్చింది" అనేది అవ్వ, జపమాల నడుమ, ఎవరితోనో సొంత ముచ్చట చెప్పినట్టు.

నేను పాపసంకీర్తనం చేశాను. 'కింద మీ పేర్లు' అని అబద్ధమాడానని ఫాదరు చెవిలో చెప్పాను. మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నాడు. చెప్పాను. పాపం పోయిందన్నారు, పోయే ఉంటుంది. చెయ్యి మాత్రం మొలవదు కదా. సిస్టరమ్మ బదిలీ అయి పోయే ముందు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఆ ఆదివారము నేను ఏ విచారణ గూర్చి చెప్పితినో నాకే జ్ఞాపకము లేదు తెరేజా. నీ తప్పులో సగము నాకిమ్ము" అంది. ఇచ్చానో లేదో తెలియదు. బాపు మాత్రం ఆ వేసవి నుంచి రోజూ సాయంత్రం పలక పట్టించి గొలుసు రాత నేర్పాడు. అందుకే ఈ రాత మీ దాకా వచ్చింది.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, ఆ చోట ఫంక్షన్ హాలు కట్టారు. పెద్ద పెద్ద మిల్లులన్నీ రోడ్డు మీదికి పోయాయి. వాటిలో మన ఆడవాళ్లు లేరు, ఎక్కడో జార్ఖండ్ నుంచి పిల్లలు వస్తారు. వాళ్లలో మన మతంవాళ్లు కొందరు ఆదివారం పూజకు వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడతారు. మన గుడికి నేల మీద నునుపు రాళ్లు పరిచారు, ఫ్యాన్లు పెట్టారు. వాళ్ల పేర్లు మాత్రం మన గ్రూపులో లేవు. పోయిన చలికాలం వాళ్లలో ఒక పిల్ల, ఇరవయ్యేళ్లుంటాయేమో, చేతికి కట్టుతో వచ్చింది. నేను దగ్గరికి పోయి ఏమైందని సైగ చేశాను. కట్టును కొంగు కింద దాచుకుంది. ఫాదరుకు చెబితే "చూద్దామమ్మా" అన్నారు. చెడ్డవారు కాదు, పనులు ఎక్కువ. ఆగ్నెసమ్మ అయితే ఆ పిల్లను అట్లా గేటు దాటనిచ్చేది కాదు. మరి నేను? నేనూ ఇంటికే వచ్చాను. మరుసటి ఆదివారం ఆ పిల్ల రాలేదు.

పోశవ్వను మళ్లీ ఒక్కసారి చూశాను. ఆ సంగతి అవ్వకు కూడా చెప్పలేకపోయాను, అప్పటికే అవ్వ పోయింది. నాకు ముగ్గురు పిల్లలు పుట్టాక, బోథ్ అంగడిలో ఎండుమిర్చి కోసం తిరుగుతుంటే, ఎడమచేత్తో తక్కెడ పట్టుకున్న ఒకామె కనబడింది. కుడిచేయి కొంగులో ఉంది. జుట్టు నెరిసింది. ఈసారి అది దూది కాదు. నేను ముందు కూర్చుని, "పోశవ్వా, నేను మరియమ్మ బిడ్డను, తెరేజను" అన్నాను. ఆమె తక్కెడ దించి చూసింది. "గుడి పిల్లవు" అంది. నేను కాగితం సంగతి, గొలుసు రాత సంగతి, అబద్ధం సంగతి, విచారణ అంటే మాకు ఏమిటో, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు. అంతా విని, "గవన్ని ఇడిశిపెట్టు. గా దినం వచ్చి ఉంటె మీ అవ్వ ఏం జెప్పేది?" అంది.

"మిషిను ఆపమని నువ్వు రెండు మాట్ల అడిగినవని జెప్పేది. మేస్త్రీ ఆపలేదని. చెయ్యి పెట్టి తియ్యి అన్నడని."

"అన్నడా?"

"అన్నడు. నేను ఇన్న."

పోశవ్వ పక్కన ఉల్లిగడ్డలు అమ్ముకునే ముసలామెను మోచేత్తో పొడిచింది. "ఇగో అక్కా, గీ పిల్ల ఏదో అంటున్నది, ఇను" అని, నాతో, "ఇంకోపారి జెప్పు. గట్టిగ జెప్పు, గామెకు జర చెవుడు" అంది. చెప్పాను. మిర్చి బేరం చేస్తున్న ఒకాయన కూడా ఆగి విన్నాడు. ఆయనకు వినబడలేదేమోనని నా చేత మూడోసారి కూడా చెప్పించింది. అంగడి మధ్యలో నిలబడి, అవ్వ గొంతుతో, అరిచి చెప్పాను.

ఉల్లిగడ్డల ముసలామె నోరు తెరుచుకుని విని, "అయ్యో పాపం! ఎప్పటి ముచ్చటనే ఇది?" అంది.

"మొన్నటిదే" అంది పోశవ్వ. అని, బేరగాడి దిక్కు తిరిగి ఎడమచేత్తో తక్కెడ ఎత్తింది.